నిమిషానికి ఎన్ని మాటలు?

స్వర్ణోత్సవ నిధిలో కొంత మొత్తాన్ని మన బడి ప్రాథమిక విభాగానికి ఖర్చుపెట్టాలని పూర్వ విద్యార్థుల సంఘం నిర్ణయించింది. రెండు గదుల్లో అలమరలు, చాపలు, బొమ్మల పుస్తకాలు వస్తాయి. అంతవరకు అందరిదీ ఒకే మాట. పేచీ ఆ తర్వాత వచ్చింది. డబ్బు పెట్టాక పిల్లలు చదువుతున్నారో లేదో మనకు తెలియాలి గదా, ఏటా ఒక పరీక్ష పెడదాం, నిమిషానికి ఎక్కువ మాటలు చదివిన బిడ్డకు బహుమతి ఇద్దాం అని కొందరు మిత్రులు ప్రతిపాదించారు. ఒకటో తరగతి పిల్లల ముందు స్టాప్‌వాచీ పెట్టడమేమిటని ఇద్దరు ముగ్గురు టీచర్లు గట్టిగానే అడ్డు చెప్పారు. నేను ఇంజనీరును కాబట్టి కొలతల పక్షమే ఉంటానని ఇరువైపులవాళ్ళూ అనుకున్నారు. సంపాదకులు ఆ తగవును నా నెత్తిన పెట్టి, ఏదో ఒకటి తేల్చి సంచికకు రాయమన్నారు.

తేల్చడానికి ముందు, చిన్నపిల్లల చదువును కొలవడం ఎప్పుడు మొదలైంది, ఎక్కడెక్కడ తిరిగి మన దాకా వచ్చింది అని వెతుకుతూ కూర్చున్నాను. ఆ కథలో మొదటి అధ్యాయం మన ప్రాంతానిదే కావడం నాకు సంతోషం కలిగించింది.

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో తన ఏలుబడిలోని కలెక్టర్లందరికీ ఒక నమూనా పంపించాడు. జిల్లాలో బళ్ళెన్ని, పిల్లలెందరు, మగపిల్లలెందరు, ఆడపిల్లలెందరు, ఏ కులాలవారు అన్నది అందులో నింపాలి. మన్రో మనకు కొత్తవాడు కాదు. అంతకు ముందు దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా ఏడేళ్ళు పనిచేసినవాడే. మన వైపు బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకునేంతగా జనంలో కలిసిపోయినవాడు. కలెక్టర్ల జవాబులన్నీ కూడి 1826 మార్చిలో ఆయన తేల్చిన లెక్క ఇది: రాజధాని మొత్తం మీద 12,498 బళ్ళు, 1,88,650 మంది పిల్లలు. జనాభా కోటీ ఇరవై ఎనిమిది లక్షల పైచిలుకు. అంటే దాదాపు వెయ్యిమందికి ఒక బడి. ధరంపాల్ 1983లో ఈ కాగితాలన్నీ 'ది బ్యూటిఫుల్ ట్రీ' అన్న పుస్తకంగా అచ్చువేశాక ఈ అంకెల మీద చాలా చర్చ జరిగింది, ఇంకా జరుగుతూనే ఉంది. నా పట్టింపు వేరు. ఆ నమూనాలో ఎన్ని గడులున్నా, బడికి వచ్చిన బిడ్డ చదవగలుగుతున్నాడా అన్న గడి లేదు. తలలు లెక్కపెట్టారు, అంతే.

బళ్ళారి కలెక్టరు గడులు నింపి ఊరుకోలేదు. ఆయన పేరు ఎ.డి. క్యాంబెల్. 1816లోనే తెలుగుకు ఇంగ్లీషులో వ్యాకరణం రాసినవాడు. అప్పటి బళ్ళారి జిల్లా అంటే మనమూ అందులోవాళ్ళమే. అనంతపురం విడిపోయి వేరే జిల్లా అయింది 1882లో. 1823 ఆగస్టులో క్యాంబెల్ పంపిన జవాబు ప్రకారం జిల్లాలో 533 బళ్ళు. అందులో తెలుగు బళ్ళు 226, కన్నడ బళ్ళు 235. మొత్తం పిల్లలు 6,641 మంది. ఆడపిల్లలు అరవైమంది. ఆ అరవై దగ్గర మన అక్కాచెల్లెళ్ళు ఒక్క క్షణం ఆగుతారని తెలుసు. నేనూ ఆగాను.

అంకెల తర్వాత ఆయన వీధిబడి లోపలికి వెళ్ళి రాశాడు. బిడ్డను ఐదో ఏట బడిలో వేస్తారు. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడి చేతిలో సున్న చుడతారు, అంటే మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆపైన వచ్చేవాళ్ళకు ఒక్కొక్కటి పెరుగుతుంది. అయ్యవారు పెద్దపిల్లలకు చెబితే పెద్దపిల్లలు చిన్నవాళ్ళకు చెబుతారు. అక్షరాన్ని చూసి పలకడం కాదు, ఇసుకలో వేలితో దిద్దుతూ పలకడం. ఈ పద్ధతిని క్యాంబెల్ మెచ్చుకున్నాడు. మెచ్చుకోనిది ఇంకొకటుంది. పిల్లలకు వల్లె వేయించే పద్యాల భాష వాళ్ళు ఇంట్లో మాట్లాడే భాష కాదు, ప్రతులనిండా తప్పులు, బోలెడన్ని పద్యాలు గడగడా అప్పజెప్పే కుర్రవాడికి వాటి అర్థం చిలకకు తెలిసినంతే తెలుసు అని రాశాడు. ఈ మాటలో పరాయి పాలకుడి చులకన ఎంతో కొంత ఉండవచ్చు. కానీ మన బళ్ళలో చదువుకున్నవాడెవడూ దాన్ని పూర్తిగా కొట్టిపారెయ్యలేడు.

మన భాషే ఈ తేడాను పసిగట్టింది. చదవడం వేరు, అప్పజెప్పడం వేరు, చదువుకోవడం వేరు. అప్పజెప్పడమంటే వస్తువు ఎవరిదో వాళ్ళకు తిరిగి ఇచ్చేయడమే. 'చదువుకోవడం'లో ఆ 'కోవడం' ఉందే, అది వండుకోవడం, కట్టుకోవడం లాంటిది; చేసిన పని తనకే చెందుతుంది. (పెళ్ళిళ్ళలో చదివింపులు కూడా చదవడం నుంచే వచ్చాయి గానీ, ఆ పద్దు ఎవరెంత శ్రద్ధగా వింటారో మీకు తెలుసు.) మొదటి రెంటినీ బయటినుంచి కొలవవచ్చు. మూడోది కొలవడమే కష్టం.

ఇసుకలో దిద్దే పద్ధతి మన దేశంలోనే ఆగిపోలేదు. మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమాన్ని 1789 నుంచి నడిపిన ఆండ్రూ బెల్ అనే పాదిరీ, స్థానిక బడిలో పిల్లలు ఇసుకలో రాయడం చూసి దాన్ని తన ఆశ్రమంలో పెట్టాడు. పిల్లలే పిల్లలకు చెప్పే ఏర్పాటును కూడా దానికి జోడించి 1797లో లండన్‌లో పుస్తకం వేశాడు. తర్వాత ఇంగ్లండ్‌లో పేదపిల్లల బళ్ళు వేల సంఖ్యలో ఆ 'మద్రాసు పద్ధతి'లోనే నడిచాయి. మనవాళ్ళ ఇసుక అలా సముద్రం దాటింది. అటునుంచి మనకు తిరిగి వచ్చింది మాత్రం పరీక్ష.

1862లో ఇంగ్లండ్ ప్రభుత్వం బళ్ళకిచ్చే గ్రాంటును పరీక్షకు ముడిపెట్టింది. రాబర్ట్ లో అనే మంత్రి చేసిన పని ఇది. చదవడం, రాయడం, లెక్కలు మూడింటిలోనూ ఇన్‌స్పెక్టరు ఒక్కొక్క బిడ్డనూ పరీక్షిస్తాడు. ఒక్కో దాంట్లో తప్పిన ప్రతి బిడ్డకూ బడికి రెండు షిల్లింగుల ఎనిమిది పెన్నీలు కోత. దీని పేరు ఫలితాలను బట్టి చెల్లింపు. మన కాంట్రాక్టు పనుల్లో కొలతల పుస్తకం చూసి బిల్లు పాస్ చేసినట్టే. ఇంజనీరుగా నాకు ఇందులో మొదట తప్పేమీ కనిపించలేదు. ఏం జరిగిందో చదివాక కనిపించింది.

కవిగా పేరున్న మాథ్యూ ఆర్నాల్డ్ బతుకుతెరువుకు ముప్పై అయిదేళ్ళు బళ్ళ ఇన్‌స్పెక్టరుగా పనిచేశాడు. ఈ పద్ధతి వచ్చిన కొన్నేళ్ళకే ఆయన తన నివేదికల్లో గుట్టు విప్పాడు. బడివాళ్ళు ఏడాది మొదట్లో ఒక పుస్తకం ఎంచుకుంటారు. ఏడాదంతా పిల్లలచేత అదొక్కటే మళ్ళీ మళ్ళీ చదివిస్తారు. ఇన్‌స్పెక్టరు వచ్చినరోజు అందులో రెండు వాక్యాలు తడుముకోకుండా చదివేస్తారు, గ్రాంటు వచ్చేస్తుంది. ఇంకో పుస్తకం చేతికిస్తే నోరు పెగలదు. పంతుళ్ళు చెడ్డవాళ్ళు కాదు. జీతం దేనికి ముడిపడితే పని అటే నడుస్తుంది. ఇదే పద్ధతిని 1860ల్లో మద్రాసు రాజధానిలోనూ పెట్టారు. ఇంగ్లండ్‌లో 1890ల్లో వదిలేశారు, ఇక్కడ ప్రభుత్వం చెయ్యి దులుపుకున్నది 1904లో, కర్జన్ నాటి విద్యా తీర్మానంతో.

నియమం పోయినా అలవాటు పోలేదనడానికి సాక్షిని నేనే. 1976లో నేను ఒకటో తరగతిలో చేరాను. మనందరికీ చదువు అంటే గుంపుచదువు. ముందు ఒకడు లేచి ఒక వాక్యం చదువుతాడు, వెనకనుంచి నలభై గొంతులు అందుకుంటాయి. తనిఖీ ఉందంటే వారం ముందునుంచే పాఠం ఖరారయ్యేది. మూడో తరగతిలో మా బ్యాచ్‌వాడొకడు, ఇప్పుడు చాలా పెద్ద వ్యాపారి, తనిఖీకి వచ్చిన పెద్దమనిషి ముందు పాఠమంతా గుక్కతిప్పుకోకుండా చదివి 'భేష్' అనిపించుకున్నాడు. పుస్తకంలో తెరిచి ఉన్నది మాత్రం ఆ తర్వాతి పాఠం. ఆ సంగతి పక్కన కూర్చున్న మాకు తెలుసు. తనిఖీకి వచ్చినాయన బల్లకు అవతల ఉన్నాడు. బిడ్డ పక్కన కూర్చుని ఉంటే ఆయనకూ తెలిసేది.

మధ్యలో ఒక ఇన్‌స్పెక్టరు సరైన ప్రశ్న వేశాడు. ఉత్తర సర్కారు జిల్లాల్లో బళ్ళ ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్స్ 1907 ప్రాంతంలో తెలుగు తరగతుల్లో కూర్చుని విన్నాడు. పిల్లలు బయట మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకంలో చదివే తెలుగు ఇంకొకటి, ఎందుకిలా అని అడిగాడు. ఆ ప్రశ్న గురజాడ అప్పారావు గారి దగ్గరికీ, పర్లాకిమిడిలో పంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి గారి దగ్గరికీ చేరింది. వ్యావహారిక భాషా వాదం అలా రాజుకుంది. స్కూల్ ఫైనల్ వ్యాసాల్లో వాడుక తెలుగును అనుమతించడం, గొడవ ముదిరాక ఆ అనుమతిని వెనక్కి తీసుకోవడం, అదంతా మన తెలుగు సార్లు నాకంటే బాగా చెబుతారు. మన విషయానికి కావలసింది ఒకటే. చదవలేకపోతున్నది బిడ్డ తప్పా, ఇచ్చిన పుస్తకం తప్పా అని అడిగినవాడు వందేళ్ళ కిందటే ఒకడున్నాడు.

దాదాపు అదే కాలంలో అమెరికాలో విలియం గ్రే అనే ఆయన 1915లో గట్టిగా చదివించి తప్పులు లెక్కపెట్టే పరీక్ష తయారుచేశాడు. 1917లో థార్న్‌డైక్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు చిన్న పేరా చదివించి ప్రశ్నలు వేసి, ప్రతి మాటా తెలిసిన పిల్లలు కూడా పేరా అర్థాన్ని తారుమారు చేసుకోవడం చూపించాడు. చదవడమంటే ఆలోచించడమే అన్నాడు. ఆ తర్వాత బళ్ళలో ఎక్కువగా పరీక్షలే పెరిగాయి గాని ఆయన మాటను పట్టించుకున్నవాళ్ళు తక్కువ.

నేను ఎక్కువసేపు ఆగింది న్యూజీలాండ్ దగ్గర. అక్కడ మేరీ క్లే అనే ఆమె 1960ల్లో, బడిలో కొత్తగా చేరిన వందమంది పిల్లల్ని ఏడాదిపాటు వారం వారం గమనించింది. ఆ దేశంలో బిడ్డను ఐదో పుట్టినరోజు వచ్చినప్పుడు బడికి పంపుతారు; మన వీధిబడి ఐదో ఏడు గుర్తుకొచ్చింది. పరీక్ష పెట్టడం కాదు ఆమె చేసింది, పక్కన కూర్చోవడం. అక్షరాలు రాకముందే బిడ్డ పుస్తకంతో ఏమేం చేస్తున్నాడో రాసుకుంది. పుస్తకం తిన్నగా పట్టుకుంటున్నాడా, కథ బొమ్మలో ఉందనుకుంటున్నాడా అక్షరాల్లో ఉందనుకుంటున్నాడా, చదువుతున్నవాళ్ళ వేలితోపాటు కళ్ళు కదులుతున్నాయా అన్నవన్నీ ఆమెకు చదువులో భాగమే.

1972లో ఆమె ఇందుకోసం ఒక చిన్న పుస్తకం వేయించింది. దాని పేరు 'ఇసుక' అని అర్థం వచ్చే ఇంగ్లీషు మాట. బళ్ళారి వీధిబడికీ దానికీ ఏ సంబంధమూ లేదు, అయినా ఆ పేరు చూసి నాకు ముచ్చటేసింది. అందులో ఒక పేజీలో బొమ్మ తలకిందులుగా ఉంటుంది, ఇంకోచోట పంక్తులు కిందివి పైకి వచ్చి ఉంటాయి, మరోచోట మాటలో అక్షరాలు తారుమారై ఉంటాయి. చదివేది టీచరే. బిడ్డ పని టీచరుకు సాయం చేయడం: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎటు వెళ్ళాలి, ఇక్కడేదో తేడాగా ఉందేమిటి అని. మొత్తం 24 అంశాలు. ఒక్క అక్షరం చదవలేని బిడ్డ కూడా అందులో కొన్ని మార్కులు తెచ్చుకోగలడు. అంటే చదువులోకి ఎంతదూరం వచ్చాడో తెలుస్తుంది. ఎంత రాలేదో కాదు.

కాస్త చదవడం వచ్చిన పిల్లలకు ఆమె ఇంకో పద్ధతి పెట్టింది. బిడ్డ చదువుతుంటే టీచరు కాగితం మీద సరిగ్గా చదివిన ప్రతి మాటకూ ఒక టిక్కు పెడుతుంది. తప్పు చదివితే ఏమని చదివాడో రాస్తుంది. తప్పు చదివి తానే ఆగి దిద్దుకుంటే, దాన్ని వేరే గుర్తుతో రాస్తుంది, తప్పుల్లో కలపదు. నాకు ఈ చివరి నియమం చాలా పెద్దదనిపించింది. 'పాప పాలు తాగింది' అని పుస్తకంలో ఉందనుకోండి. ఒక బిడ్డ 'పాప పాట తాగింది' అని చదివి ఆగకుండా ముందుకెళ్ళిపోయాడు. ఇంకో బిడ్డ 'పాప పాట' అని ఆగి, బొమ్మవైపు చూసి, 'పాలు తాగింది' అన్నాడు. ఇద్దరిలో చదువుకుంటున్నది రెండోవాడు. తాను చదివేది తానే వింటున్నాడు, పాటను తాగరని వాడికి తెలుసు. స్టాప్‌వాచీ పట్టుకుంటే మొదటివాడికే బహుమతి దగ్గరవుతుంది. మన బళ్ళలో అయితే రెండోవాడిని 'తడబడుతున్నాడు' అంటాం.

మన దేశంలో బడి బయట మంచి ప్రయత్నం 2005లో మొదలైంది. 'ప్రథమ్' సంస్థ 'అసర్' పేరుతో పల్లెల్లో ఇంటింటికీ తిరిగి, ఒక్కొక్క బిడ్డచేత విడిగా చదివించడం మొదలుపెట్టింది. అక్షరాలు, మాటలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ, నాలుగే మెట్లు. ఒక కాగితం చాలు. దేశం మొత్తం మీద పల్లెల్లో ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి కథ చదవగలిగినవాళ్ళు 2018లో నూటికి 50.5 మంది, కరోనాలో బళ్ళు మూతపడ్డాక 2022లో 42.8 మంది. తల్లిదండ్రులకు ఆ కాగితం ఇంటి అరుగు మీదే సంగతి చెప్పింది. అసర్‌ను నేను మెచ్చుకుంటాను. ఇది దేశానికి జ్వరం చూసే థర్మామీటరు. ఒక బిడ్డకు వైద్యం దాంతో కాదు.

నిమిషానికి మాటల లెక్క ఇటీవలిది. 2006 తర్వాత అంతర్జాతీయ సంస్థలు పేదదేశాల బళ్ళలో ఈ కొలతను విస్తారంగా వాడాయి. 2021లో మన కేంద్రప్రభుత్వం మొదలుపెట్టిన నిపుణ్ భారత్‌లో మూడో తరగతి బిడ్డ నిమిషానికి కనీసం 60 మాటలు, అర్థం చేసుకుంటూ చదవాలని లక్ష్యం పెట్టారు. ఇక్కడే ఇంజనీరు లేచి అడగాలి: కొలబద్ద ఏమిటి? 'నిన్న నేను మా ఊరికి వెళ్ళలేకపోయాను' అంటే మనకు ఐదు మాటలు. ఇంగ్లీషులో ఇదే చెప్పడానికి ఎనిమిది. మన 'వెళ్ళలేకపోయాను'లో వాళ్ళ మాటలు నాలుగు దాక్కున్నాయి. దాని మీద మన బిడ్డ దాటవలసిన గుణింతాలు, ఒత్తులు ఎన్ని! హల్లులకు గుణింతాలు వేస్తేనే నాలుగు వందలు దాటుతాయి, ఒత్తులు ఆ పైన. ఇంగ్లీషు 60నూ తెలుగు 60నూ ఒకటి చేస్తే, గజాన్నీ మీటరునూ ఒకటి చేసినట్టే. 2022లో ఎన్.సి.ఇ.ఆర్.టి. మూడో తరగతి పిల్లల మీద 20 భాషల్లో సర్వే చేసినప్పుడు ఏ భాషకు ఆ భాషకు వేరే ప్రమాణం కట్టడం అందుకే సబబు.

నా ఉద్యోగమంతా హెచ్చెల్సీ కాలువ మీద గడిచింది. కాలువకు గేజి లేకపోతే పంపకం సాగదు, తగువులు తెగవు. కానీ గేజి చెప్పేది ఆ గండి దగ్గర నీటి ఎత్తు మాత్రమే. చివరాయకట్టు రైతు మడిలో నీళ్ళు పడ్డాయా లేదా అన్నది చూడాలంటే గట్టు మీద నడుచుకుంటూ పోవలసిందే. గేజి బాగున్నప్పుడు కూడా నేను అలా నడిచాను, మడి ఎండి ఉండడం చూశాను. అందుకని కొలతే వద్దనేవాళ్ళతో నేను ఏకీభవించను. కొలవకపోతే నష్టపోయేది వెనక బల్ల బిడ్డే. ముందు బల్లవాడు గుంపుచదువులోనూ పైకొస్తాడు. అలాగని ఒకటి రెండు తరగతుల్లో వేగానికి బహుమతి పెట్టడానికీ ఒప్పుకోను. పెడితే ఆర్నాల్డ్ చూసిందే మన చాపల మీదా జరుగుతుంది. కొత్త పుస్తకాల్లో ఒకటి నలిగిపోతుంది, మిగిలినవి కొత్తగానే ఉంటాయి.

కమిటీ ముందు నేను పెట్టిన ప్రతిపాదన ఇది. ఒకటి, రెండు తరగతుల్లో ఏడాదికి రెండుసార్లు, ఒక్కో బిడ్డ పక్కన పది నిమిషాలు కూర్చోవాలి. బిడ్డ అంతకు ముందు చూడని పుస్తకం, వాడి మాటలకు దగ్గరగా ఉన్న తెలుగులో. రాసుకోవలసినవి కొన్నే: పుస్తకం తానే ఎంచుకున్నాడా, ఎక్కడ మొదలుపెట్టాడు, తప్పు దిద్దుకున్నాడా, కథ గురించి తానుగా ఏమైనా అడిగాడా. మూడో తరగతి నుంచి గడియారం పెట్టుకోవచ్చు, కానీ ఆ బిడ్డ అంకెను వాడి పాత అంకెతోనే పోల్చాలి, పక్కవాడితో కాదు. గోడకు అంటించకూడదు. బహుమతి డబ్బును మరిన్ని పుస్తకాలకు మళ్ళించాలి.

ముప్పైమంది ఉన్న తరగతికి ఐదు గంటలు పడుతుంది. ఒక్క టీచరు పాఠాలు ఆపి చేసే పని కాదిది. మనలో రిటైరైనవాళ్ళు, దగ్గర్లో ఉన్నవాళ్ళు శనివారం పొద్దున రెండు గంటలు రాగలిగితే సరిపోతుంది. ఎలా రాసుకోవాలో మన ప్రాథమిక విభాగం టీచర్లే ఒక పూట చూపిస్తామన్నారు. రాదలచినవాళ్ళు సంఘం కార్యదర్శికి పేరివ్వండి. వచ్చేటప్పుడు కళ్ళద్దాలు మరిచిపోకండి. ఆ పుస్తకాల్లో అక్షరాలు పెద్దవే గాని, పుస్తకం ఉండేది బిడ్డ చేతిలో.